నలభై రెండు రోజుల కావలి

ఉద్దేశం

నవజాత శిశువులలో పుట్టుకతో వచ్చే గుండెజబ్బుల లక్షణాలను తెలియజేయడం, వాటిని సకాలంలో గుర్తించడంలో కుటుంబానికీ గ్రామ ఆరోగ్య కార్యకర్తకూ గల బాధ్యతను వివరించడం, అనారోగ్యం పట్ల విద్యార్థులలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశ నేపథ్యం

పురిటి బిడ్డకు మాటలు రావు. తన బాధను ఏడుపుతోనో, పాలు మానడంతోనో మాత్రమే తెలుపగలదు. ఆ సూచనలను గ్రహించగలవారు ఇంటిలో ఒక్కరున్నా ఒక ప్రాణం నిలిచే అవకాశం ఉంటుంది. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ గ్రామాల జీవన నేపథ్యంలో ఈ విషయాన్ని వివరించే వ్యాసమిది.

పాఠ్యభాగం

హైదరాబాదు నుండి పడమటి దిక్కుగా సాగే బీజాపూర్ రహదారి మీద మొదట మొయినాబాద్, ఆ తరువాత చేవెళ్ల వస్తాయి. ఊడలు దిగిన మర్రిచెట్లకు ఈ దారి పేరుపొందింది. ఈ రెండు మండలాల గ్రామాలలో కూరగాయలు, ఆకుకూరలు, పూలు పండించే కుటుంబాలు అనేకం. తోటలలో కోసిన టమాటా, గులాబీ, బంతి నగరపు మార్కెట్లకు చేరుతుంటాయి. నగరం అంత దగ్గర. పెద్ద ఆసుపత్రులూ అంతే దగ్గర. అయినప్పటికీ, అప్పుడే పుట్టిన బిడ్డ గుండెలో లోపం ఉన్నప్పుడు ఆ కొద్ది దూరమే దాటరానిదవుతుంది. బిడ్డ జబ్బుతో ఉన్నదన్న సంగతి ఇంటిలో ఎవరికీ తోచకపోవడమే దానికి ముఖ్య కారణం.

పుట్టుకతో వచ్చే లోపాలలో గుండెకు సంబంధించినవే ఎక్కువ. సజీవంగా పుట్టే ప్రతి వేయిమంది శిశువులలో ఎనిమిది లేక తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుందని వైద్యుల అంచనా. ఈ లెక్కన భారతదేశంలో ఏటా రెండు లక్షలకు పైగా శిశువులు గుండె లోపంతో జన్మిస్తున్నారు. వారిలో దాదాపు ఐదవ వంతు మందికి మొదటి సంవత్సరంలోనే శస్త్రచికిత్సగాని, ఇతర చికిత్సగాని తప్పనిసరి. మిగిలిన లోపాలలో కొన్ని చిన్నవి. చిన్న రంధ్రాలు ఎన్నో వాటంతట అవే పూడిపోతాయి.

ఈ అంకెను ఒక గ్రామానికి అన్వయించి చూడవచ్చు. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది నియమం. వేయి జనాభాకు ఏటా 16 కాన్పుల చొప్పున లెక్కిస్తే, అటువంటి ఉపకేంద్రం పరిధిలో ఏడాదికి సుమారు 80 మంది శిశువులు పుడతారు. వారిలో గుండె లోపం ఉన్న బిడ్డ ఏడాదిన్నరకు ఒకసారి మాత్రమే ఎదురు కావచ్చు. తరచుగా కనిపించే జబ్బును ఎవరైనా గుర్తుపడతారు. ఎప్పుడో ఒకసారి వచ్చే జబ్బును గుర్తించాలంటే ప్రతి బిడ్డనూ అదే శ్రద్ధతో చూడవలసి ఉంటుంది.

గర్భంలో గుండె

గర్భం దాల్చిన మూడవ వారం నుండి ఎనిమిదవ వారం లోపల శిశువు గుండె రూపు దిద్దుకుంటుంది. మొదట ఒక చిన్న గొట్టంగా ఉన్నది మెలిక తిరిగి, గోడలు కట్టుకొని, రెండు కర్ణికలు, రెండు జఠరికలుగా నాలుగు గదుల గుండె అవుతుంది. తాను గర్భవతినని తల్లికి నిశ్చయంగా తెలిసే వేళకే ఈ నిర్మాణం చాలావరకు సాగిపోతుంది. ఆ సమయంలో ఒక గోడ పూర్తిగా మూసుకోకపోయినా, ఒక కవాటం ఇరుకుగా ఏర్పడినా, రక్తనాళాలు ఒకదాని స్థానంలో మరొకటి అమరినా, అది పుట్టుకతో వచ్చే గుండెజబ్బు అవుతుంది.

అయితే ఇంత లోపం ఉన్న శిశువు గర్భంలో ఎలా పెరుగుతుంది? బిడ్డ పుట్టిన తరువాత ఒకటి రెండు రోజులు ఆరోగ్యంగా ఎందుకు కనిపిస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తేనే జబ్బు లక్షణాలు అర్థమవుతాయి.

గర్భస్థ శిశువు ఊపిరితిత్తులతో శ్వాసించదు. దానికి కావలసిన ప్రాణవాయువు తల్లి రక్తం నుండి మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తులకు అప్పటికి పని లేదు కనుక వాటికి పోవలసిన రక్తంలో అధిక భాగం రెండు అడ్డదారులలో మళ్లుతుంది. ఒకటి, కర్ణికల నడిమి గోడలోని రంధ్రం. రెండవది, ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనికీ, శరీరమంతటికీ రక్తాన్ని పంపే మహాధమనికీ మధ్య వంతెన వలె ఉండే ఒక చిన్న నాళం.

బిడ్డ పుట్టి మొదటి ఊపిరి తీసుకోగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. బొడ్డుతాడు కోసిన తరువాత మాయతో సంబంధం తెగిపోతుంది. ఇక వంతెనతో పని లేదు. ఆరోగ్యవంతమైన శిశువులో ఆ నాళం ఒకటి నుండి మూడు రోజులలో ముడుచుకొని, రెండు మూడు వారాలలో శాశ్వతంగా మూసుకొనిపోతుంది.

గుండెలో తీవ్రమైన లోపం ఉన్న కొందరు బిడ్డలకు ఈ వంతెనే ఆధారం. పుపుస ధమని మూసుకొని ఉన్న శిశువులో ఊపిరితిత్తులకు రక్తం చేరేది ఈ నాళం గుండానే. మహాధమని ఒకచోట బాగా ఇరుకుగా ఉన్న శిశువులో శరీరపు కింది భాగానికి రక్తం అందేదీ దీని గుండానే. అది తెరచి ఉన్నంతసేపు బిడ్డ పాలు తాగుతుంది, నిద్రపోతుంది, ఏడుస్తుంది. మూసుకోవడం మొదలుకాగానే గంటల వ్యవధిలో పరిస్థితి తారుమారవుతుంది. ఆసుపత్రిలో అందరూ చూసి బాగున్నదన్న బిడ్డ ఐదవ రోజున ఇంటిలో నీలిబారడానికి కారణం ఇదే. అందులో ఆసుపత్రి వారి మాట అబద్ధం కాదు, తల్లి పెంపకంలో లోపమూ లేదు.

తొలి రెండు వారాలు: రంగు, ఊపిరి

మొదట గమనించవలసినది రంగు. పుట్టిన తొలి రోజులలో చలికి అరచేతులు, అరికాళ్లు కొద్దిగా నీలంగా ఉండటం సాధారణమే. వెచ్చగా చుట్టి ఉంచితే అది తగ్గుతుంది. నాలుక, పెదవుల లోపలి భాగం, చిగుళ్లు నీలంగా ఉండటం మాత్రం ఎప్పుడూ సాధారణం కాదు. చామనఛాయ బిడ్డలలో చర్మాన్ని చూసి నీలాన్ని గుర్తించడం కష్టం. కావున పగటి వెలుగులో నాలుకను చూడాలి. బిడ్డ ఏడ్చినప్పుడు ఆ నీలం మరింత పెరిగితే గుండె లోపాన్ని అనుమానించాలి.

రెండవది ఊపిరి. రెండు నెలల లోపు శిశువు నిమిషానికి 60 సార్లు లేక అంతకు మించి శ్వాస తీసుకుంటే అది వేగంగా ఉన్నట్లు లెక్క. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్న వేళ పొట్ట కదలికను చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. పసిబిడ్డల శ్వాస ఒక క్షణం వేగంగా, మరొక క్షణం నెమ్మదిగా సాగుతుంది కనుక పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం సరికాదు. వేగంగా ఉన్నదనిపిస్తే రెండవసారి లెక్కించాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు ఎగరడం, పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకొనిపోవడం, ముక్కుపుటాలు అదరడం, మూలగడం అత్యవసర సూచనలు.

మూడవది, ఒళ్లు పాలిపోయి బూడిద రంగుకు తిరగడం, కాళ్లు చల్లబడటం, లేపినా లేవక పాలు పట్టలేకపోవడం. మహాధమని ఇరుకుగా ఉన్న బిడ్డలలో ఈ స్థితి కనిపిస్తుంది. చేతి నాడి అందుతూ గజ్జలలో నాడి అందకపోవడాన్ని బట్టి వైద్యులు దీనిని పసిగడతారు. ఇటువంటి బిడ్డను రక్తంలో చీము చేరిన రోగిగా పొరబడే అవకాశం ఉన్నది. రెండింటిలోనూ ఆసుపత్రికి చేర్చడంలో ఆలస్యం ప్రాణాపాయమే.

కంటి చూపుకు ఒక పరిమితి ఉన్నది. రక్తంలో ప్రాణవాయువు 80 శాతం దరిదాపులకు పడిపోయేవరకు నీలం స్పష్టంగా కనిపించకపోవచ్చు. ఆ లోటును పల్స్ ఆక్సీమీటర్ అనే చిన్న పరికరం తీరుస్తుంది. ఎర్రని కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని చర్మం గుండా ప్రసరింపజేసి, రక్తం వాటిని ఎంత పీల్చుకున్నదో లెక్కగట్టి ప్రాణవాయువు శాతాన్ని ఇది చూపుతుంది. సూది గుచ్చవలసిన పని లేదు. దీని మూలసూత్రాన్ని 1970వ దశకం తొలి సంవత్సరాలలో రూపొందించినవాడు జపాన్ దేశానికి చెందిన తకువో అవోయగి.

శిశువుకు 24 గంటలు నిండిన తరువాత, ఇంటికి పంపే ముందు, కుడి అరచేతికీ ఏదో ఒక పాదానికీ ఈ పరికరాన్ని అమర్చి చూస్తారు. రెండుచోట్లా 95 శాతం లేక అంతకు ఎక్కువ ఉండి, రెండింటి మధ్య తేడా మూడు శాతానికి మించకపోతే ఫలితం సరిగా ఉన్నట్లు. ఏ ఒక్కచోట 90 కంటె తక్కువ ఉన్నా వెంటనే వైద్య పరీక్ష అవసరం. నడిమి అంకెలు వస్తే గంట తరువాత మరల చూస్తారు. కుడిచేతికి రక్తం వంతెన కంటె ముందు, పాదానికి వంతెన దాటిన తరువాత అందుతుంది. అందువలననే రెండుచోట్లా చూడటం. అమెరికాలో ఈ పరీక్షను నవజాత శిశువులందరికీ జరపాలని 2011లో సిఫారసు చేశారు. పెద్దల వేలికి తగిలించే పరికరం పసిబిడ్డకు సరిపోదు. శిశువుల కోసం చేసిన పట్టీ ఉండాలి. ఫలితం సరిగా వచ్చినంత మాత్రాన అన్ని లోపాలూ లేనట్లు కాదు. మహాధమని ఇరుకు, గుండె గోడలోని రంధ్రం దీనికి చిక్కకపోవచ్చు. అందువలన ఇంటిలోని కావలి ఆ తరువాత కూడ కొనసాగాలి.

తరువాతి వారాలు: పాలు, చెమట, బరువు

జఠరికల నడిమి గోడలో పెద్ద రంధ్రం ఉన్న బిడ్డ నీలంగా మారదు. ఎడమ జఠరికలోని రక్తం కొంత రంధ్రం గుండా కుడివైపునకు చేరి, మరల ఊపిరితిత్తులకే పోతుంది. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకొని ఉంటాయి కనుక ఈ ప్రవాహం తక్కువ. వారాలు గడిచేకొద్దీ ఆ నాళాలు సడలి ప్రవాహం పెరుగుతుంది. అందుచేత నాలుగు నుండి ఎనిమిది వారాల మధ్య బిడ్డ నెమ్మదిగా అలసిపోతుంది.

ఈ అలసట బయటపడేది పాలు తాగే వేళ. పెద్దలకు మెట్లెక్కడం ఎటువంటి శ్రమయో పసికందుకు పాలు తాగడం అటువంటి శ్రమ. గుండె బలహీనమైన బిడ్డ ఆత్రంగా రొమ్ము పడుతుంది. నాలుగు గుక్కలు తాగి ఆగిపోతుంది. రొప్పుతుంది. నుదుట చెమట పడుతుంది. అలసి నిద్రపోయి, ఆకలి తీరనందున కొద్దిసేపటికే లేచి ఏడుస్తుంది. ఈ క్రమాన్ని చూసి ఇంటిలోని పెద్దలు తల్లికి పాలు పడలేదని నిర్ణయించి డబ్బాపాలు మొదలుపెట్టడం సాధారణం. డబ్బాపాల వద్ద కూడ బిడ్డ అదే విధంగా అలసిపోతుంది. లోపం పాలలో లేదు, తాగే శక్తిలో ఉన్నది.

దీనికి సాక్ష్యం తూకం. పుట్టిన తొలి రోజులలో శిశువు బరువు పదవ వంతు వరకు తగ్గవచ్చు. పది నుండి పద్నాలుగు రోజులలో పుట్టినప్పటి బరువుకు చేరుకొని, ఆపైన రోజుకు సుమారు 20 నుండి 30 గ్రాముల చొప్పున పెరగాలి. నెల నిండినా బరువు ఉన్నచోటనే ఉన్న బిడ్డను, మాటిమాటికి నిమ్ము చేసే బిడ్డను గుండె పరీక్షకు పంపవలసిందే. స్టెతస్కోపులో వినిపించే అదనపు శబ్దం ఒక ఆధారమేగాని అంతిమ నిర్ణయం కాదు. ఆరోగ్యవంతులైన పిల్లలలోను ఆ శబ్దం వినిపించవచ్చు. తీవ్రమైన లోపం ఉండి కూడ వినిపించకపోవచ్చు. ఎకో పరీక్షయే లోపాన్ని స్పష్టంగా చూపుతుంది.

గుమ్మంలోకి వచ్చే కావలి

పైన చెప్పిన రెండు దశలను కలిపి చూస్తే పసిగుండెకు ఒక కాలపట్టిక ఉన్నట్లు తెలుస్తుంది. రెండవ రోజు నుండి పద్నాలుగవ రోజు వరకు వంతెన మూసుకొనే ప్రమాదం. నాలుగవ వారం నుండి రంధ్రం వలన కలిగే అలసట. దేశంలో 2011 నుండి అమలులో ఉన్న గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం ప్రకారం, ఆసుపత్రిలో పుట్టిన ప్రతి శిశువు ఇంటికీ ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వెళ్లాలి. మొదటి మూడు సందర్శనలు వంతెన మూసుకొనే కాలంలోను, చివరి రెండు అలసట మొదలయ్యే కాలంలోను పడతాయి. ఆమె సంచిలోని గడియారం ఊపిరి లెక్కించడానికి, త్రాసు బరువు చూడటానికి, థర్మామీటరు ఒంటి వేడి తెలుసుకోవడానికి ఉపకరిస్తాయి. నాలుకను చూడటానికి కళ్లు చాలు. ఖరీదైన యంత్రమేదీ లేకుండానే అనుమానం కలిగించగల సాధనాలన్నీ గుమ్మంలోకి వస్తున్నాయన్నమాట.

ఈ కావలిలో ఒక సందు ఉన్నది. తెలుగువారి ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట జరగడం ఆచారం. చేవెళ్ల మండలంలోని అత్తవారింట పేరు నమోదైన యువతి కాన్పు కోసం మొయినాబాద్ మండలంలోని తల్లిగారింటికి వెళ్లినదనుకుంటే, ఆమె వివరాలు ఒక ఊరి పుస్తకంలో, బిడ్డ మరొక ఊరి ఉయ్యాలలో ఉంటారు. ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన రోజే తల్లిగారి ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేస్తే ఈ సందు పూడుతుంది. మూడవ రోజున ఎవరూ రాకపోతే కుటుంబమే పిలిపించుకోవాలి. ఆరు వారాల టీకా కోసం వెళ్లినప్పుడు బరువు, ఊపిరి మరొకసారి చూడమని అడగాలి.

నింద, నిజం

బిడ్డ పాలు మానినప్పుడు దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం, గాలి సోకిందని మంత్రం వేయించడం పల్లెలలోను పట్టణాలలోను ఉన్నదే. దిష్టి తీసినందువలన బిడ్డకు హాని లేకపోవచ్చు. కాని తెల్లవారేవరకు చూద్దామని ఆగిపోయే ఆ రాత్రి వలన హాని కలుగుతుంది. అంతకన్న బాధాకరమైనది తల్లిపై పడే నింద. గ్రహణం నాడు బయట తిరిగిందని, తినకూడనిది తిన్నదని పురిటి మంచం మీది తల్లిని దూషించడం న్యాయం కాదు. గ్రహణానికీ గుండె లోపానికీ సంబంధం లేదు.

ఎక్కువ మంది శిశువులలో ఫలానా కారణమని చెప్పడం సాధ్యపడదు. కొన్ని పరిస్థితులలో మాత్రం ప్రమాదం పెరుగుతుందని తెలుసు. మేనరికపు వివాహాలు, కుటుంబంలో ఇంతకుముందు గుండె లోపం ఉండటం, గర్భానికి ముందే ఉన్న మధుమేహం అదుపులో లేకపోవడం, తొలి మాసాలలో రుబెల్లా జ్వరం సోకడం, వైద్యుని సలహా లేకుండా కొన్ని మందులు వాడటం అటువంటివి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన శిశువులలో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. రుబెల్లాకు, శిశువుల లోపాలకు గల సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ బయటపెట్టాడు. తెలంగాణలో 2017లో పిల్లలందరికీ తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమం జరిగింది. నేటి బాలికకు వేసిన ఆ టీకా రేపటి శిశువు గుండెకు రక్ష. ఐదవ నెలలో చేసే స్కానింగ్‌లో తీవ్రమైన లోపాలు కొన్ని ముందే కనిపిస్తాయి. అప్పుడు తగిన ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు.

చికిత్స చరిత్ర, నేటి అండ

ఒకప్పుడు నీలి శిశువులకు చికిత్స లేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెలెన్ టాసిగ్ అనే వైద్యురాలు అటువంటి బిడ్డలను ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆమెకు వినికిడి తగ్గిపోయినందున చేతివేళ్లతో తాకి పిల్లల గుండె అదురును గ్రహించేది. పుట్టుకనాటి వంతెన తెరచి ఉన్న బిడ్డలు మెరుగ్గా ఉండటం, అది మూసుకోగానే క్షీణించడం ఆమె గమనించింది. మూసుకున్న వంతెన స్థానంలో మరొక వంతెన కట్టరాదా అన్నది ఆమె ప్రశ్న. శస్త్రవైద్యుడు ఆల్ఫ్రెడ్ బ్లాలాక్, ఆయన ప్రయోగశాల సహాయకుడు వివియన్ థామస్ ఆ పనికి పూనుకున్నారు. థామస్ నల్లజాతివాడు. వైద్య కళాశాలలో చదివే స్తోమత లేకపోయినా ఆ శస్త్రచికిత్సా విధానాన్ని ప్రయోగశాలలో సాధించినవాడు ఆయనే. 1944 నవంబరు 29న మొదటిసారి ఆ చికిత్స ఒక పసిపాపకు జరిగింది. వంతెన మూసుకొనిపోకుండా నిలిపి ఉంచే మందు 1970వ దశకంలో వాడుకలోకి వచ్చింది. నేడు శస్త్రచికిత్స వరకు బిడ్డను నిలబెట్టేది ఆ మందే.

తెలుగునాట ఈ చికిత్స పేదలకు క్రమంగా అందుబాటులోకి వచ్చింది. 1991లో పుట్టపర్తిలో ప్రారంభమైన సత్యసాయి ఆసుపత్రి గుండె శస్త్రచికిత్సలను ఉచితంగా చేసింది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకం మొదలై తరువాత అన్ని జిల్లాలకు విస్తరించింది. పిల్లల గుండె శస్త్రచికిత్సలు దాని పరిధిలోనివే. తెలంగాణలో ఈ పథకం కింద ఒక కుటుంబానికి ఏడాదికి వర్తించే పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన లోపాలలో పుట్టుకతో వచ్చే గుండెజబ్బు ఒకటి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో చిన్నపిల్లల గుండె ఆసుపత్రిని నెలకొల్పింది. చేవెళ్ల, మొయినాబాద్ వాసులకు హైదరాబాదులోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, నిమ్స్ అందుబాటులో ఉన్నాయి. అత్యవసర వేళ 108 వాహనాన్ని పిలవవచ్చు. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి. పాలు పట్టలేని బిడ్డ నోట బలవంతంగా ఏదీ పోయరాదు.

ఈ విధంగా చూస్తే శాస్త్రం తన పని చాలావరకు పూర్తిచేసి సిద్ధంగా ఉన్నది. దానికి కబురు అందించవలసినది ఇల్లు. చదువుకున్న అక్క, కళాశాలకు వెళ్లే మేనమామ, పక్కింటి విద్యార్థి ఎవరైనా గడియారం చేతపట్టి ఒక నిమిషం ఊపిరి లెక్కించగలరు. ‘బిడ్డ నుదుట చెమట ఎందుకు పడుతున్నది?’ అని అడగగలరు. పురిటి గదిలో తల్లి ఒంటరిగా కాచే నలభై రెండు రోజుల కావలిలో వారు పాలుపంచుకుంటే, లోపంతో పుట్టిన గుండె కూడ నిండు నూరేళ్లు కొట్టుకొనే అవకాశం కలుగుతుంది.

అర్థాలు

కావలి = కాపలా
నవజాత శిశువు = అప్పుడే పుట్టిన బిడ్డ
కర్ణికలు = గుండెలోని పై గదులు
జఠరికలు = గుండెలోని కింది గదులు
కవాటం = రక్తాన్ని ఒకే దిశగా పోనిచ్చే తలుపు వంటి భాగం
పుపుస ధమని = ఊపిరితిత్తులకు రక్తాన్ని చేర్చే నాళం
మాయ = గర్భంలో శిశువుకు పోషణనిచ్చే అవయవం
సడలు = బిగువు తగ్గు
స్తోమత = శక్తి, ఆర్థిక బలం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 20 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. పుట్టుకతో గుండె లోపం ఉన్న బిడ్డ తొలి రోజులలో ఆరోగ్యంగా కనిపించడానికి కారణాలను వివరించండి.
2. నవజాత శిశువులలో గుండెజబ్బును తెలిపే లక్షణాలను దశలవారీగా తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఆశా కార్యకర్త సందర్శనలకు, పసిగుండె కాలపట్టికకు గల సంబంధాన్ని వివరించండి.
2. ‘తల్లికి పాలు పడలేదు’ అన్న నిర్ణయం ఎప్పుడు పొరపాటు కావచ్చు?
3. నీలి శిశువుల చికిత్సలో టాసిగ్, థామస్‌ల కృషిని తెలపండి.

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రెండు నెలల లోపు శిశువులో నిమిషానికి ఎన్ని శ్వాసలుంటే వేగంగా ఉన్నట్లు?
2. నీలాన్ని గుర్తించడానికి శిశువు శరీరంలో ఏ భాగాన్ని చూడాలి?
3. పల్స్ ఆక్సీమీటర్‌ను శిశువుకు ఎక్కడెక్కడ అమరుస్తారు?
4. రుబెల్లాకు, శిశువుల లోపాలకు గల సంబంధాన్ని బయటపెట్టినది ఎవరు?

ఈ) వ్యాకరణం
సంధులు:
ప్రాణ + అపాయం = ప్రాణాపాయం (సవర్ణదీర్ఘ సంధి)
అతి + అవసరం = అత్యవసరం (యణాదేశ సంధి)
వ్యాసము + ఇది = వ్యాసమిది (ఉత్వ సంధి)
సమాసాలు:
నాలుగు గదులు = నాలుగైన గదులు (ద్విగు సమాసం)
గుండెజబ్బు = గుండె యొక్క జబ్బు (షష్ఠీ తత్పురుష సమాసం)
అనారోగ్యం = ఆరోగ్యం కానిది (నఞ్ తత్పురుష సమాసం)

ఉ) కృత్యం
మీ గ్రామంలోని లేక వాడలోని ఆశా కార్యకర్తను కలిసి, ఆమె నవజాత శిశువుల ఇళ్లలో ఏ ఏ అంశాలను పరిశీలిస్తారో తెలుసుకొని ఒక నివేదిక రాయండి.